మా లెక్క ఏ ఊళ్ళో ఉంది?

మా వైపు డబ్బును దుడ్లంటారు. కొంచెం పెద్ద మొత్తమైతే, నలుగురిలో మర్యాదగా చెప్పవలసి వస్తే, లెక్క అంటారు. "లెక్క ఇచ్చినాడా?" అంటే డబ్బు ముట్టజెప్పాడా అని అర్థం. కోస్తా మిత్రులకు ఈ ప్రయోగం వింతగా తోస్తుంది, వారికి లెక్క అంటే పద్దు మాత్రమే. నాకు మాత్రం ఈ రెండర్థాలూ ఒక్కచోట కలిసే సందర్భం ఒకటుందని చాలా ఏళ్ళుగా తెలుసు. అది పీఎఫ్. ఉద్యోగుల భవిష్య నిధి అని దాని పూర్తి పేరు. అక్కడ పద్దు సరిగా ఉంటేనే డబ్బు ఉన్నట్టు. పద్దు ఏ ఆఫీసులో ఉందో తెలియకపోతే డబ్బు ఉండీ లేనట్టే.

బైరెడ్డిపల్లె పలమనేరుకూ వి.కోటకూ నడుమ ఉంటుంది. అక్కడినుంచి కొంచెం పడమటికి వెడితే కర్ణాటక. వాన పడితే టమోటా, రాగి, వేరుసెనగ, నీళ్ళున్నవాళ్ళకు మల్బరీ. పడకపోతే బెంగళూరు. కుప్పం దగ్గరివాళ్ళు రైలెక్కుతారు, మావాళ్ళు బస్సెక్కుతారు. ఒకప్పుడు కోలారు బంగారు గనులకు వెళ్ళినవారి మనుమలు ఇప్పుడు గార్మెంట్సుకూ, సెక్యూరిటీ పనులకూ వెడుతున్నారు (గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడ్డాయి). నేను బెంగళూరులోనే ఒక చిన్న యంత్రభాగాల కర్మాగారంలో పద్దెనిమిదేళ్ళు జీతాల గుమాస్తాగా పనిచేశాను. అందువల్ల పండుగకు ఊరికి వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు ప్లాస్టిక్ కవరులో మడిచిన కాగితాలు తెచ్చి నా ముందు పెట్టేవారు. అందరి ప్రశ్నా ఒకటే. "మా లెక్క యాడ ఉండాదన్నా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టమయ్యేది. ఎందుకంటే లెక్క కదలకపోయినా ఆఫీసులు కదిలేవి.

మొదటి నుంచీ చెప్పుకుంటే, ఈ నిధి 1951 నవంబరులో ఒక ఆర్డినెన్సుగా పుట్టి 1952లో చట్టమైంది. మొదట్లో సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగు, ఇనుము ఉక్కు, కాగితం, బట్టల మిల్లులు, ఈ ఆరు పరిశ్రమలకే వర్తించేది. చందా నూటికి ఆరుంబావు. ఈ ఆరుంబావు ఎక్కడిదా అని నేను చాలాకాలం ఆశ్చర్యపోయాను. తరువాత తట్టింది, అది రూపాయికి అణా! పదహారణాల కాలంలో గుమాస్తా చేతివేళ్ళమీద వేసుకోగల లెక్క అది. అణాలు పోయాయి, చందా పెరుగుతూ పెరుగుతూ 1997 నుంచి ఎక్కువ సంస్థలకు నూటికి 12 అయింది. ఉద్యోగి 12, యజమాని 12. యజమాని ఇచ్చే 12లో 8.33 వంతు 1995 నవంబరు 16 నుంచి పెన్షన్ పథకానికి పోతుంది, మిగిలిన 3.67 ఉద్యోగి ఖాతాలో పడుతుంది. జీతం పట్టీలో తన 12 మాత్రమే కనబడుతుంది గనుక చాలామందికి ఈ పెన్షన్ భాగం ఉన్నదనే తెలియదు.

ఇక ఆఫీసుల సంగతి. ఒకప్పుడు మొత్తం ఆంధ్రప్రదేశ్ పీఎఫ్ అంటే హైదరాబాదు బర్కత్‌పురా. పలమనేరు మిల్లు కార్మికుడి ఫారమైనా అక్కడికే పోవాలి. చందాదారులు పెరిగేకొద్దీ గుంటూరు, విశాఖపట్నం, రాజమండ్రి, కడపలాంటి ఊళ్ళలో ఆఫీసులు వచ్చాయి. చిత్తూరు జిల్లా కడప కిందికి వచ్చింది. మొదట వీటికి సబ్ రీజినల్ ఆఫీసులని పేరు, తరువాతి కాలంలో 'సబ్' తీసేసి అన్నిటినీ రీజినల్ ఆఫీసులన్నారు. బోర్డులు మార్చారు. బైరెడ్డిపల్లె నుంచి కడపకు దారి మాత్రం మారలేదు. పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, రాయచోటి, ఆ పైన కడప. తెల్లవారుజామున బయలుదేరితే ఆఫీసులో టోకెను దొరికే వేళకు చేరవచ్చు, తిరిగి రావడం మరునాటి మాట. అదే సమయంలో బెంగళూరు పోయి పని చూసుకుని రాత్రి భోజనానికి ఇల్లు చేరవచ్చు.

ఈ కడప సంబంధం చూస్తే నాకు ఒక చిన్న నవ్వు వస్తుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె కడప జిల్లా నుంచీ, పలమనేరు ఉత్తర ఆర్కాటు నుంచీ వచ్చి కలిశాయి. అంటే మా పలమనేరువైపు వాళ్ళం కడపలో ఎన్నడూ లేము. పీఎఫ్ వారు మమ్మల్ని ఆ దారిన కడపవాళ్ళను చేశారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మళ్ళీ విడదీసినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలో పడింది, మా మండలం చిత్తూరులో ఉండిపోయింది. పీఎఫ్ పటం ఈ విభజనలేవీ పట్టించుకోదు, దాని సరిహద్దులు దానివి.

ఖాతా నంబర్లు చూస్తే ఆ పటం కనబడుతుంది. పాత నంబరులో రాష్ట్రం అక్షరాలు, సంస్థ సంఖ్య, మనిషి సంఖ్య, అంతే. కంప్యూటర్లు వచ్చాక అది 22 స్థానాలకు పెరిగింది. మొదటి రెండక్షరాలు ప్రాంతం, తరువాతి మూడు ఆఫీసు. 'పీవై కేఆర్పీ' అంటే పీణ్య ప్రాంతం, కృష్ణరాజపురం ఆఫీసు. 'పీవై బీఓఎం' అంటే బొమ్మసంద్ర. 'జీఆర్ సీడీపీ' అంటే గుంటూరు ప్రాంతం, కడప. ఇందులో ఒక తమాషా ఉంది. 'ఏపీ' అనే అక్షరాలు హైదరాబాదు ఖాతాలకే ఉండిపోయాయి. రాష్ట్రం 2014లో విడిపోయాక తెలంగాణ కార్మికుడి నంబరు ఏపీతో మొదలవుతుంది, ఆంధ్ర కార్మికుడి నంబరు జీఆర్‌తో మొదలవుతుంది. దీనిమీద ఎవరూ ధర్నా చేయలేదు, బహుశా ఎవరూ గమనించలేదు.

వసూలు ఆఫీసులు కదలడం మా ఊరికి కొత్త కాదు. 1984 జనవరిలో కరణాల, మునసబుల వ్యవస్థను రద్దు చేసినప్పుడు నేను బడిపిల్లవాణ్ణి. శిస్తు రసీదు కోసం నాయనతో కలిసి మునసబు ఇంటి అరుగు మీద కూర్చున్న జ్ఞాపకం ఉంది. ఆ తరువాత ఒక ఏడాది పాటు పెద్దవాళ్ళ మాటలన్నీ అడంగల్ పుస్తకాలు ఎవరి దగ్గర ఉన్నాయి, ఏ పెట్టెలో ఉన్నాయి అన్నదాని చుట్టూ తిరిగేవి. 1985 మే 25న మండలాలు వచ్చాయి. అంతవరకు ఏ సంతకానికైనా పలమనేరు తాలూకా కచేరీకి పోవలసిన మేము ఊళ్ళోనే ఎమ్మార్వో ఆఫీసు చూశాము. కరణాన్ని తీసేయడం మంచిదా చెడ్డదా అని ఇప్పటికీ మా రచ్చబండ దగ్గర రెండు పక్షాలున్నాయి. నా మట్టుకు మండలం రావడం నిస్సంశయంగా మంచిదే అంటాను, కారణం ముందు చెబుతాను.

అయితే శిస్తుకూ పీఎఫ్‌కూ ఒక తేడా ఉంది. శిస్తు భూమిని పట్టుకుని ఉంటుంది, భూమి ఎక్కడికీ పోదు. కట్టేవాడూ, పొలమూ, పుస్తకమూ దాదాపు ఒకే ఊళ్ళో ఉంటాయి. పీఎఫ్ చందా కట్టేది కర్మాగారం. వసూలు చేసేవారు ఆఫీసు ఎక్కడ పెడతారు? కర్మాగారాలు ఎక్కడ ఎక్కువగా ఉంటే అక్కడ. పీణ్యలో, బొమ్మసంద్రలో, పటాన్‌చెరులో. వసూలు దృష్టితో చూస్తే ఇది సరైనదే, నేనైనా అదే చేస్తాను. కానీ ఆ డబ్బు తిరిగి ఇవ్వవలసిన మనుషులు అక్కడ ఉండరు. వయసుడిగాక, జబ్బుపడ్డాక, భర్త పోయాక వాళ్ళు బైరెడ్డిపల్లెలో ఉంటారు. తీసుకునే పటం ఒకటి, ఇచ్చే పటం ఇంకొకటి. ఆఫీసులను పునర్వ్యవస్థీకరించిన ప్రతిసారీ మొదటి పటాన్నే సరిదిద్దారు.

2009లో మా వీధిలో ఒకతను పోయాడు. నా ఈడువాడే. బెంగళూరులో ఒక కర్మాగారంలో పదకొండేళ్ళు లేతు మీద పనిచేశాడు. భార్య, ఇద్దరు పిల్లలు. కర్మకాండ అయ్యాక ఆమె ఒక రేకుపెట్టె తెచ్చింది. అందులో రెండు పీఎఫ్ స్లిప్పులు, ఒక గుర్తింపు కార్డు, పెళ్ళినాటి ఫోటో. స్లిప్పు మీద 'కేఎన్' అక్షరాలు, సంస్థ నంబరు, అతని నంబరు. ఇంకేం, సులువే అనుకున్నాము.

ఉద్యోగంలో ఉండగా పోయినవారి కుటుంబానికి మూడు రావాలి. ఖాతాలోని పీఎఫ్ సొమ్ము, బీమా సొమ్ము, నెలనెలా పెన్షన్. పెన్షన్‌కు పదేళ్ళ సర్వీసు ఉండాలని అందరూ అనుకుంటారు. అది బ్రతికి ఉన్నవారికి. ఉద్యోగంలో ఉండగా పోతే ఒక్క నెల చందా కట్టి ఉన్నా భార్యకు పెన్షన్ వస్తుంది, దానిలో నాలుగోవంతు చొప్పున ఇద్దరు పిల్లలకు 25 ఏళ్ళు వచ్చేదాకా వస్తుంది. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్ని కుటుంబాలు వదిలేసుకున్నాయో నేను చూశాను. మూడింటికీ మూడు ఫారాలు, మూడింటిమీదా యజమాని సంతకం.

స్లిప్పు మీదున్న ఆఫీసుకు వెళ్ళాము. కౌంటరులోని పెద్దమనిషి నంబరు చూసి, ఈ సంస్థ ఇప్పుడు మా పరిధిలో లేదు, ఫైలు కొత్త ఆఫీసుకు పోయింది అన్నాడు. చిరాకు పడకుండా ఆ కొత్త ఆఫీసుకు ఏ బస్సు పోతుందో కూడా కాగితం మీద వ్రాసిచ్చాడు. అక్కడికి వెడితే ఫైలు ఉంది, కానీ చివరి రెండేళ్ళ 3ఏ ఫారాలు లేవు. అంటే ఆ కర్మాగారం వారు అతని జీతంలో పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉంది, ఎవరిది ఎంత అని చెప్పే వార్షిక పట్టిక పంపలేదు. ఆ కర్మాగారమూ ఈలోగా స్థలం మారింది. కొత్త చిరునామాకు వెడితే పాత మేనేజరు లేడు, కొత్త మేనేజరుకు ఈ మనిషి ఎవరో తెలియదు. నేను స్వయంగా ఆ ఫారాలు పూరించి బ్రతికినవాణ్ణి గనుక అది ఒక పూట పని అని నాకు తెలుసు. ఆ పూట పని కోసం మాకు ఏడు నెలలు పట్టింది.

ఆమె ప్రతిసారీ వచ్చేది. వి.కోట దాకా ఒక బస్సు, అక్కడినుంచి బెంగళూరుకు ఒకటి, అక్కడ సిటీ బస్సులు రెండు. ఆ రోజు కూలి పోయేది. మూడోసారో నాలుగోసారో అన్నది, "అన్నా, ఆయప్పను మట్టి చేసినాము, ఆయప్ప లెక్కను యాడ మట్టి చేసినారో చూపిస్తే సాలు." ఈ మాటకు నవ్వాలో ఏమనాలో తెలియక టీ తాగుదాం రమ్మని పిలిచాను.

చివరికి పట్టికలు వచ్చాయి. అప్పుడు ఇంకొకటి బయటపడింది. నామినీ పేరు. రేషన్ కార్డులో ఒక విధంగా, పదకొండేళ్ళ క్రితం కర్మాగారం గుమాస్తా తన చెవికి వినబడినట్టు వ్రాసుకున్నది ఇంకొక విధంగా. తెలుగు మునెమ్మ కన్నడ గుమాస్తా చేతిలో మునియమ్మ కావడం ఎంతసేపు? ఇద్దరూ ఒకరేనని తహసీల్దారు ధ్రువీకరణ పత్రం కావాలన్నారు. అప్పటికి ఎమ్మార్వోను తహసీల్దారు అంటున్నారు, ఊళ్ళో ఎవరూ అనడం లేదు గాని. ఆ పత్రానికి మేము ఎక్కడికీ పోలేదు. ఆమె పొద్దున పాలు పోసి, నడిచి వెళ్ళి, అర్జీ ఇచ్చి, వారంలో మళ్ళీ నడిచి వెళ్ళి తెచ్చుకుంది. మొత్తం వ్యవహారంలో బస్సు ఎక్కనక్కరలేని పని అదొక్కటే. 1985 నాటి మండలం గురించి నేను పైన అన్న మాటకు కారణం ఇదే.

పెన్షన్ మంజూరైంది. నెలకు వెయ్యి లోపే. కనీస పెన్షన్ వెయ్యి రూపాయలన్నది 2014 సెప్టెంబరు నుంచి వచ్చింది, ఈ వరుసలు వ్రాసే నాటికీ అది వెయ్యిగానే ఉంది. ఆ వెయ్యి ఎక్కడ తీసుకోవాలి? పెన్షన్ ఇచ్చే ఆఫీసు తనతో ఒప్పందమున్న బ్యాంకులకే జాబితా పంపేది. కాబట్టి బెంగళూరులో చెల్లెలి ఇంటి దగ్గర ఖాతా తెరిచింది. ఊరికి మార్చుకోవాలంటే పెన్షన్ ఆర్డరు కాగితాలు కర్ణాటక ఆఫీసు నుంచి కడప ఆఫీసుకు బదిలీ కావాలి. ఆ బదిలీ పెట్టనా అని అడిగాను. "వద్దన్నా, మళ్ళీ ఇంకో ఆపీసు వద్దు" అన్నది. నేను బలవంతం చేయలేదు. ప్రతి నవంబరులో బ్రతికే ఉన్నానని చెప్పడానికి బెంగళూరు పోయేది, ఆ పనిలో పనిగా సంవత్సరపు డబ్బు తెచ్చుకునేది.

2014 అక్టోబరులో 12 అంకెల యూఏఎన్ వచ్చింది. ఎన్ని కంపెనీలు మారినా ఒకటే నంబరు. ఆఫీసు ఏదైనా ఫోనులో పాసుబుక్కు కనబడుతుంది. నెలనెలా ఎవరి చందా ఎంతో యజమాని కంప్యూటరులో చూపించే పద్ధతి అంతకు రెండేళ్ళ ముందే, 2012లో, వచ్చింది, కనుక వార్షిక పట్టిక పంపకపోవడమన్నది ఇక లేదు. ఒక గుమాస్తాగా చెబుతున్నాను, ఈ రెండూ పెద్ద సంస్కరణలు. కొత్త ఆఫీసులు వంద తెరిచినా ఇంత మేలు జరిగేది కాదు.

కానీ సరిహద్దు పూర్తిగా పోలేదు, ఆఫీసు గుమ్మం దగ్గరినుంచి మనిషి పేరులోకి వచ్చి చేరింది. ఆధార్‌లో ఉన్న పేరూ, పుట్టిన తేదీ కర్మాగారం ఇచ్చిన వాటితో అక్షరం పొల్లు పోకుండా సరిపోవాలి. మావైపు ఆడపిల్లలకు ఇంటిపేరు ముందు వ్రాయడమా వెనుక వ్రాయడమా అన్నది బడి పంతులుగారి ఇష్టం. పుట్టిన తేదీ అయితే సగం మందికి జూన్ 1, లేదా జనవరి 1. కొందరు వయసు చాలక అక్క కార్డు పెట్టి పనిలో చేరినవారు. అక్క పేరున పదేళ్ళు చందా కట్టి ఇప్పుడు తన పేరున అడిగితే ఏ ఆఫీసు మాత్రం ఏం చేస్తుంది?

ఆ పిల్లల సంగతి వచ్చింది గనుక 2016 చెప్పాలి. ఆ ఫిబ్రవరిలో ఒక ఉత్తర్వు వచ్చింది, పని మానేసినా యజమాని వాటా 58 ఏళ్ళదాకా తీసుకోరాదని. ఏప్రిల్ 18న బెంగళూరు గార్మెంటు కార్మికులు, వేలమంది ఆడవాళ్ళు, మిషన్లు వదిలి హోసూరు రోడ్డు మీదికి వచ్చేశారు. పిలుపునిచ్చిన నాయకుడు లేడు, జెండా లేదు. మరునాడు బస్సులు తగలబడ్డాయి, లాఠీలు విరిగాయి, బాష్పవాయువు వదిలారు. 19వ తేదీ సాయంత్రానికి కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వును రద్దు చేసింది. ఇంగ్లీషు పత్రికలు ఆశ్చర్యపోయాయి, పీఎఫ్ లాంటి పొడి విషయానికి ఇంత కోపమా అని. నాకు ఆశ్చర్యం కలగలేదు. మా ఊరి పిల్లకు ఆ ముప్పైవేలో నలభైవేలో అంటే పెళ్ళి ఖర్చు, నాయన వేయించే బోరు, లేదా భర్త తాగి కొడితే పుట్టింటికి రాకుండా విడిగా తీసుకోగల అద్దె ఇంటి అడ్వాన్సు. 58 ఏళ్ళప్పుడు వచ్చే పెన్షన్ గొప్పదని నేను ఎన్నోసార్లు చెప్పాను. వినేవాళ్ళు తలూపేవారు, తరువాతి నెల ఫారం పూరించమని తెచ్చేవారు. సర్కారు దగ్గర ఉన్న లెక్క నీడలాంటిది, కనబడుతుంది గాని పట్టుకోలేం అనేది వాళ్ళ అభిప్రాయం. దాన్ని తప్పని అనడానికి నాకు నోరు రాదు. 2025 అక్టోబరు 13న ధర్మకర్తల బోర్డు మళ్ళీ నిర్ణయించింది, పని పోయాక ఖాతాను పూర్తిగా మూసేయడానికి రెండు నెలలు కాదు 12 నెలలు ఆగాలని, పెన్షన్ భాగానికి 36 నెలలని. నూటికి 75 వంతులు మాత్రం వెంటనే తీసుకోవచ్చునట. ఈసారి రోడ్డు మీదికి ఎవరూ రాలేదు.

ఇచ్చే పటాన్ని మొట్టమొదటిసారి దిద్దింది 2025 జనవరి 1న అని నా లెక్క. ఆ రోజు నుంచి పెన్షన్ చెల్లింపులన్నీ కేంద్రీకృత పద్ధతిలోకి వచ్చాయి. 122 ఆఫీసులు విడివిడిగా మూడు నాలుగు బ్యాంకులతో పెట్టుకున్న ఒప్పందాలు పోయాయి. 68 లక్షల పైచిలుకు పెన్షనర్లు దేశంలో ఏ బ్యాంకులో, ఏ శాఖలోనైనా తీసుకోవచ్చు, ఊరు మారితే కాగితాల బదిలీ అక్కరలేదు. ఈ వార్త పత్రికల్లో లోపలి పేజీలో వచ్చింది. నేను రెండుసార్లు చదివి, మా వీధిలోని ఆ తల్లికి ఫోను చేశాను. ఇప్పుడు ఆమెకు ఊళ్ళోని బ్యాంకులోనే పడుతుంది. బ్రతికి ఉన్నానన్న ధ్రువీకరణకు కూడా వేలిముద్రో ముఖమో ఫోనుకు చూపిస్తే చాలు, అది అంతకు ముందునుంచే ఉన్నా ఆమెకు ఇప్పటికి అలవాటయింది. పిల్లల్లో పెద్దవాడు బొమ్మసంద్రలోనే పనిచేస్తున్నాడు, వాడికీ ఒక యూఏఎన్ ఉంది.

2023 జనవరి నుంచి ప్రతి నెలా 27న జిల్లాకొక చోట పీఎఫ్ వారు శిబిరం పెడుతున్నారు. మంచి ఏర్పాటే. ఒక విన్నపం మాత్రం చేయాలని ఉంది. సరిహద్దు మండలాలకు, అంటే వి.కోట, బైరెడ్డిపల్లె, రామకుప్పం, కుప్పం ప్రాంతాలకు, ఏడాదికి రెండుసార్లయినా కర్ణాటక ఆఫీసు మనిషి, కడప ఆఫీసు మనిషి పక్కపక్క కుర్చీల్లో కూర్చునేలా ఒక శిబిరం పెట్టవచ్చు. సంక్రాంతికి పెడితే ఊళ్ళో అందరూ ఉంటారు. కంప్యూటరు ఒకటే అయినప్పుడు కుర్చీలు రెండు ఎందుకని అడగవచ్చు. పేర్లు సరిదిద్దవలసింది కంప్యూటరు కాదు గనుక.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఒక అమ్మాయి వచ్చింది. ముప్పై దాటి ఉంటాయి. మూడు గార్మెంటు కర్మాగారాల్లో కలిపి పదకొండేళ్ళు. మొదటి కర్మాగారం మూతబడింది, అక్కడి నాలుగేళ్ళు ఇంకా వేరే నంబరులో ఉన్నాయి. అవి కలిస్తే పదేళ్ళు దాటి పెన్షన్ హక్కు వస్తుంది, కలవకపోతే ఏడేళ్ళ దగ్గర ఆగుతుంది. అక్కడ ఆమె తండ్రి పేరు ఉండవలసిన చోట భర్త పేరుంది, పుట్టిన సంవత్సరం ఒకటి ఎక్కువ. 2017 అక్టోబరు తరువాత ఆధార్‌తో తీసుకున్న నంబర్లయితే ఇప్పుడు ఎవరి వారే సరిచేసుకోవచ్చు, ఆమెది అంతకు ముందుది. మూసిన కర్మాగారం సంతకానికి బదులు గెజిటెడ్ అధికారి వంటివారి ధ్రువీకరణతో ఉమ్మడి ప్రకటన పెట్టాలి. ఫారం పూరించాము. నాలుగేళ్ళ నాటి జీతం చీటీలు రెండు దొరికాయి, ఇంకేమైనా ఉన్నాయేమో అత్తగారింట్లో వెతికి చెబుతానన్నది. కవరు నా దగ్గర ఉంచి, వి.కోట బస్సుకు టైమయిందని వెళ్ళిపోయింది.